తెలిసిన కథ

నాటకమును గాని కథను గాని అర్థము చేసికొనగోరువారికి ఉపాధ్యాయులు ఇప్పుడు మొట్టమొదట అందించు మాట 'సంఘర్షణ'. ఇద్దరు మనుష్యులకో రెండు కోరికలకో పోరు పుట్టవలెననియు, అది పెరిగి పెరిగి పరాకాష్ఠ నందుకొనవలెననియు, తరువాత నేమి జరుగునో యను ఆతురత ప్రేక్షకుని కదలనీయకుండవలెననియు వారు బోధింతురు. ఈ బోధ అసత్యము కాదు. కాని ప్రత్తిపాటి ప్రాంతమున శ్రీరామనవమి పందిళ్ళ క్రింద నాటకములు చూచి పెరిగిన నావంటివానికి ఇది రెండవ పాఠమే గాని మొదటిది కాజాలదు. మాకు తరువాత నేమి జరుగునో ముందే తెలియును. కృష్ణుని రాయబారము ఫలింపదు, హరిశ్చంద్రుడు బొంకడు, గయుడు చావడు. ఇవి తెలిసియే, తెల్లవారుజామున తెర దిగువరకు, వందలకొలది జనులు మంచులో తలగుడ్డలు బిగించుకొని కూర్చుండెడివారు. ఆతురత లేనిచోట ఇంత ఏకాగ్రత యెట్లు కలిగెను? ఈ ప్రశ్నకు బదులు చెప్పలేని పరిభాష యెంత నాగరకమైనదైనను మన నాటకమునకు చాలదు.

గుంటూరునుండి పెదనందిపాడు మీదుగా పర్చూరు పోవు బాటమీద ప్రత్తిపాడున్నది. చుట్టును కనుచూపుమేర నల్లరేగడి. వానలలో అడుగు తీసి అడుగు వేయనీయదు, ఎండలలో నెర్రెలు విచ్చి నోళ్ళు తెరచును. ప్రత్తితీతలు ముగిసి, మిరపకాయ కళ్ళమున కెక్కి, తాలు వేరుపడి, టిక్కీలు గుంటూరికి తరలుటతో రైతు చేతిలో నాలుగు డబ్బులాడు కాలమే, అనగా శివరాత్రికిని శ్రీరామనవమికిని నడిమి కాలమే, ఈ సీమలో నాటకములకు ఋతువు. కోటప్పకొండ తిరునాళ్ళతో కళ్ళు తెరచిన ఆ ఉత్సాహము నవమి పందిళ్ళలో ఊరూర వెల్లివిరిసెడిది. ఆరుచున్న కాయల ఘాటు రాత్రిగాలిలో కలిసి, ఏడ్వవలసిన పాత్ర రంగము మీదికి రాకమునుపే కొందరి కన్నులు చెమర్చెడివి. గోనెపట్టాలు పరచుకొని, నిద్రపోవు పిల్లలను ప్రక్కను వేసికొని కూర్చున్న ఆ జనములో చదువు వచ్చినవారు కొందరే. కథ రానివారు మాత్రము ఒక్కరును లేరు.

ఒకమారు రాయబారము మొదలు కాబోవుచుండగా, హార్మోనియము శ్రుతి చూచుకొనుచుండగా, బాల్యచాపలముతో మా వీధి పెద్దాయన నొకని అడిగితిని: "తాతా, రాయబారం చెడుద్దని తెలుసు గదా, మళ్ళా ఎందుకు కూర్చున్నావ్?" ఆయన నోటిలోని చుట్ట తీయకయే, "చెడుద్దని తెలుసురా అబ్బాయ్. కిష్టమూర్తి ఎట్టా చెడగొడతాడో చూడొద్దూ?" అనెను. ఈ ప్రత్యుత్తరములో రెండు సంగతులున్నవి. 'ఎట్టా' అనునది యొకటి. అది అందరును గ్రహింపగలిగినదే. చెడుట వేరు, చెడగొట్టుట వేరనునది రెండవది. దానికై కొంత శాస్త్రమును కదలింపక తప్పదు.

పదవ శతాబ్దమున, మాళవమేలిన ముంజుని కొలువులో ధనంజయుడను పండితుడు, భరతుని నాట్యశాస్త్రమను మహారణ్యములో దారి తప్పువారి మేలుకొరకు 'దశరూపకము' అను చిన్న గ్రంథమును రచించెను. ఒక రూపకమును మరియొక రూపకమునుండి వేరుచేయునవి వస్తువు, నేత, రసము అని మూడే యని ఆతడు తేల్చెను. అందు వస్తువు మరల మూడు విధములు. ఇతిహాసాదులనుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి తన బుద్ధినుండి కల్పించినది ఉత్పాద్యము. ఆ రెండును పెనగొన్నది మిశ్రము. పది రూపకములలో అగ్రాసనమిచ్చిన నాటకమునకు ప్రఖ్యాతవస్తువే తగునని నియమించి, కల్పితకథకు ప్రకరణమను వేరు పేరుంచిరి. శూద్రకుని మృచ్ఛకటికము అట్టిది. అనగా ప్రేక్షకునికి కథ తెలిసియుండుట మన ప్రాచీనుల దృష్టిలో లోపము కాదు సరిగదా, ఉత్తమరూపకమునకు అది తొలి యర్హత. యవనాచార్యుడైన అరిస్టాటిలు కూడ ఈ విషయమును స్పృశింపకపోలేదు. ప్రసిద్ధకథలు సైతము కొందరికే తెలిసియుండుననియు, అయినను అవి అందరిని రంజింపజేయుననియు, కావున కవి వానినే అంటిపెట్టుకొనియుండ నక్కరలేదనియు ఆయన తన కావ్యశాస్త్రమున నొకచోట అనెను. ఏథెన్సు సంగతి యెట్లున్నను, ప్రత్తిపాటి పందిరిలో ఆ 'కొందరికే' అనునది చెల్లదు.

ఇక, కథ తెలిసినవాడు దేనికొరకు కనిపెట్టుకొని యుండును? దీనికి సమాధానము శాస్త్రకారులు కథాంగములకు పెట్టిన పేర్లలోనే దాగియున్నది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అను జంటకవులు పాండవకథను 6 నాటకములుగా సంతరించిరి. అందు 'పాండవోద్యోగము', 'పాండవవిజయము' అను రెండును ఆంధ్రదేశమున ఆడని యూరు లేదన్నచో అతిశయోక్తి కొంచెమే. వానిని కలిపి ఉద్యోగవిజయములని వ్యవహరించుచున్నాము. పాండవోద్యోగములోని పడకసీను నెరుగనివారు మా వైపున అరుదు. ద్వారకలో కృష్ణుడు నిద్ర నటించుచుండును. దుర్యోధనుడు తలవైపునను, అర్జునుడు పాదములవైపునను నిలుతురు. మేలుకొన్న కృష్ణుడు ఒకవైపు సేనను, ఒకవైపు ఆయుధము పట్టని తన్నును ఉంచి కోరుకొమ్మనగా, అర్జునుడు నిరాయుధుడైన వానినే కోరుకొనును, దుర్యోధనుడు లోలోపల నవ్వుకొనును. తొలుత స్వల్పముగా సూచింపబడి, పలుతెరగుల విస్తరించి, తుదకు ఫలమునకు హేతువగునది బీజమని లక్షణము. పదునెనిమిది నాళ్ళ యుద్ధమును, దాని ఫలమును ఈ ఒక్క కోరికలో అణగియున్నవి. నల్లరేగడిలో విత్తు వేసి వానకై మొగము పైకెత్తు రైతునకు ఈ సంజ్ఞను వివరింప నక్కరలేదు. దుర్యోధనుని నవ్వు చూచి పందిరియంతయు నవ్వుటకు కారణము, ఆ బీజము దేనిదో దుర్యోధనునికి తెలియకుండుటయు, గోనెపట్టా మీది వారికి తెలిసియుండుటయునే. ఆతురతతో చూచువానికి ఈ నవ్వు దక్కదు. వాడును దుర్యోధనునితోపాటు ఏ సేన యెక్కువయని లెక్క వేయుచుండును.

బీజము తరువాతిది బిందువు. నడుమ కథ తెగిపోవునట్లున్నప్పుడు, నీటిపై నూనెచుక్కవలె వ్యాపించి, తెగిన తంతువును మరల కలుపునది యని దాని లక్షణము. రాయబారమునకు పోవుటకు ముందు ధర్మరాజు అయిదూళ్ళు చాలుననును. భీముడంతటివాడు సంధి మాటలాడును. యుద్ధకథ అక్కడితో ముగియునేమో యనిపించును. అప్పుడు ద్రౌపది తన విరబోసిన జుట్టు పట్టుకొని కృష్ణునెదుట నిలుచును. సభాపర్వమునాటి అవమానమంతయు ఆ కేశపాశముతో రంగము మీదికి వచ్చి, తెగబోయిన కథ కొత్త బిగువుతో ముడిపడును. బిందువును వివరించుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నే నెరుగను. ధనికుడు దశరూపకవ్యాఖ్యలో తరచుగా ఉదాహరించిన భట్టనారాయణుని వేణీసంహారమునకును ఈ జుట్టే ఆధారమని జ్ఞప్తికి తెచ్చుకొనిన, ఎన్ని శతాబ్దములుగా ఎందరు కవులు ఆ ఒక్క జడ కొసను పట్టుకొని నాటకములు నడపిరో బోధపడును. పతాక, ప్రకరి యను ఉపకథలను గూర్చి యెక్కువ చెప్పను. సుగ్రీవుని కథవలె ప్రధానకథతో దూరము నడచునది పతాక. జటాయువు కథవలె కొంత మేర మెరసి పోవునది ప్రకరి. కథాభాగములకు సంధులని పేరుంచి, వాని అంగములు 64 అని లెక్క పెట్టినవారి ఓపికకు నమస్కరించి నేను ప్రక్కకు తప్పుకొందును. ఓరుగంటి ప్రతాపరుద్రుని కాలమున విద్యానాథుడు ఈ లక్షణములన్నిటికిని లక్ష్యముగా తన అలంకారగ్రంథములోనే ఒక నాటకమును కూర్చి చేర్చెను; లక్షణముల కోసమే పుట్టిన ఆ నాటకమును చదివి ఎవరైన కంటతడి పెట్టిరని నేను వినలేదు.

అవస్థల సంగతి అట్లు కాదు. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని కార్యమునకు అయిదవస్థలు. ఇవి సంఘటనల పేర్లు కావు. ఫలము కోరినవాని హృదయస్థితుల పేర్లు. మొదట కోరిక, పిమ్మట ప్రయత్నము, పిదప దొరకునేమో యను ఆశయు దొరకదేమో యను శంకయు పెనగులాడు దశ, తరువాత విఘ్నములు తొలగి నిశ్చయము, తుదకు ఫలము. కథ యెరిగినవాడు కూడ ఈ స్థితులను తానుగా అనుభవింపక తప్పదు. ఏలయన, తెలియుట బుద్ధి పని, ఆశపడుట హృదయము పని. కురుసభలో కృష్ణుడు ముందు మెత్తగా, పిమ్మట తీక్ష్ణముగా, అటుపిమ్మట రానున్న వినాశమును కన్నులకు కట్టునట్లుగా పద్యము వెంట పద్యము పాడుచుండగా, ధృతరాష్ట్రుని మోమున చలనము కనబడిన ఆ ఒక్క క్షణమున, 'ఈమారైన ఒప్పుకొనునేమో' యని జనములో గుసగుస పుట్టుట నేను చెవులార వింటిని. ఆ క్షణమునకు ప్రాప్త్యాశ యని పేరు. వేయి సంవత్సరముల వెనుక ఒక పండితుడు దానికి పేరు పెట్టుటకు చాలినంత కాలము ఆ గుసగుస మన దేశమున వినబడుచునే యుండవలెను.

ఇప్పుడు పెద్దాయన 'చెడగొట్టుట' వద్దకు వత్తము. ఫలమునకు స్వామియైనవాడు అధికారి, ఆతని కథ ఆధికారికము, తక్కినది ప్రాసంగికము. మరి రాయబారమున అధికారి యెవడు? ధర్మరాజు అధికారియైనచో ఫలము సంధి. అట్లయిన రాయబారము విఫలమై, ఆ ఘట్టమంతయు ఒక శోకకథ యగును. ద్రౌపది అధికారిణియైనచో ఫలము ప్రతీకారము. అట్లయిన రాయబారము భంగమగుటయే జయము. కృష్ణుడో, భూభారము దింపవచ్చినవాడు గనుక సంధి పొసగవలెనని నోట పాడుచు, పొసగకుండుటకు కావలసిన ఒక్కొక్క మాటను ఆ పాటలోనే ఇముడ్చుచుండును. చూచువాని ఆశ కూడ అట్లే రెండుగా చీలిపోవును. ఒక కంట సంధిని కోరుచు మరియొక కంట ద్రౌపది జుట్టును చూచుచుండును. రాయబారము 'చెడినది' యనువాడు ధర్మరాజు పక్షమునుండి కథ చూచినవాడు. 'చెడగొట్టెను' అనువాడు కృష్ణుని మనస్సులో దూరి చూచినవాడు. అక్షరము రాని మా పెద్దాయన ధనంజయుని ప్రశ్నను ధనంజయుని పేరెత్తకయే వేసి, జవాబును కూడ చెప్పెను. నటులలో ఘనులైనవారు ఈ రెండు పక్షములను ఒకే పద్యములో వినిపించెడివారు. తక్కినవారు రాగము మాత్రమే వినిపించెడివారు.

రాగము మాట వచ్చినది గనుక, శాస్త్రమున లేని ఒక సంజ్ఞను కూడ ఇచ్చట చేర్చవలెను. స్వగతము, ప్రకాశము, జనాంతికము, అపవారితము, ఆకాశభాషితము అని సంభాషణకు గల భేదములను ప్రాచీనులు చక్కగా వివరించిరి: తనలో తాననుకొనునది, అందరును వినునది, చేయి అడ్డముంచి ఒక్కనితో పలుకునది, మొగము త్రిప్పి రహస్యముగా చెప్పునది, కనబడనివానితో ఆడునది. వీనికి మన పద్యనాటకము చేర్చినది 'వన్స్ మోర్'. పాత్ర పలికిన మాటను జనుల కోరికపై మరల పలుకుట! కథాకాలము అచ్చట ఆగిపోవును. దుర్యోధనుడు తన కోపమును చంక క్రింద పెట్టుకొని నిలుచుండును. కృష్ణుడు అదే పద్యమును మరియొక రాగమున ఎత్తుకొనును. పట్టణపు విమర్శకులు దీనిని అనాగరకమని యీసడించిరి. కొంత న్యాయమే, ఆలాపన పెరిగి పెరిగి పద్యభావమును మ్రింగివేసిన రాత్రులను నేనును ఓర్చుకొంటిని. కాని తరువాత నేమి జరుగునో తెలిసినవానికి తొందర యెందుకుండవలెను? తెలియనివాడే ముందునకు త్రోయును.

పాత్ర, పాత్రధారి యను రెండు మాటలను వేరుచేసి చూపుటలో మా ప్రాంతపు నాటకములు ఏ రంగశాలకును తీసిపోవు. కాంట్రాక్టు నాటకముల కాలమున ఒకే రాత్రి పడకసీనునకు ఒక కృష్ణుడు, రాయబారమునకు మరియొక కృష్ణుడు, యుద్ధమునకు మూడవ కృష్ణుడు వచ్చెడివారు. ఒకడు పొట్టి, ఒకడు పొడుగు, ఒకడు స్థూలకాయుడు. అయినను ఏ పిల్లవాడును 'ఈ కృష్ణుడు ఇందాకటి కృష్ణుడు కాడే' యని ఏడ్చుట చూడలేదు. చిత్రములోని గుర్రమును చూచి ఇది గుర్రమే యని గాని, గుర్రము కాదని గాని, అగునో కాదో యని గాని, గుర్రమువంటిదని గాని అనుకొనక, ఈ నాలుగింటికిని విలక్షణమైన ప్రతీతితో 'గుర్రము' అందుమని రసవాదమున శంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయమును గూర్చి పండితులు ఎంతయో వాదించిరి. ముగ్గురు కృష్ణులను ఒక్క రాత్రిలో నమ్మిన పందిరిని చూచియుండిన, వారి వాదము కొంత సంక్షిప్తమై యుండెడిది. ప్రతినాయకుడను సంజ్ఞకును ఇచ్చట ఇట్టి పరీక్షయే జరిగినది. శాస్త్రమున దుర్యోధనుడు ధీరోద్ధతుడు, ఓడిపోవలసినవాడు; కాని మాధవపెద్ది వేంకటరామయ్య, ధూళిపాళ సీతారామశాస్త్రి వంటివారు గద భుజమున నుంచి అడుగిడినప్పుడు జనులు ఆ యౌద్ధత్యమునకే చేతులు తట్టిరి. ధర్మము పాండవులదే యని యెరిగినవారే తట్టిరి.

కర్త యను మాట సంగతి ఇంతకంటె విచిత్రము. సత్యహరిశ్చంద్ర నాటకమును రచించినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. కాని ఆ నాటకములోని కాటిసీనున హరిశ్చంద్రపాత్రధారి శ్మశానమును చూచి విలపించుచు పాడు పద్యములలో జనహృదయములను మిక్కిలి కలచినవి బలిజేపల్లివారివి కావు. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రము జాషువ 'శ్మశానవాటి' ఖండికలోనివి. నటులు వానిని తెచ్చి అక్కడ నిలిపిరి. జనులు వానిని కదలనీయలేదు. అంటరానివాడని యూరు దూరముంచిన కవి మాటలు, కాటికాపరియైన చక్రవర్తి నోట, ఊరి నడుమ, అందరి కన్నీటి నడుమ వినబడుట మన రంగస్థలము సాధించిన ఘనకార్యములలో ఒకటి. ఏ నాటకకర్తయు దానిని ముందుగా ఊహించి వ్రాసినది కాదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషమున ఆంధ్రదేశమును ఊపివేసిన శ్రీకృష్ణతులాభారములోని ప్రసిద్ధగీతము కూడ మూలనాటకకర్తయైన ముత్తరాజు సుబ్బారావు గారిది కాక, నటుడు స్వయముగా కూర్చుకొన్నదే. ప్రఖ్యాతవస్తువునకు ఇదియొక లక్షణము: కథ అందరిది గనుక, అందులో ఎవరికి చేతనైనది వారు చేర్చుదురు. కల్పితకథలో ఈ స్వేచ్ఛ చెల్లదు. 'కన్యాశుల్కము'లో మధురవాణి నోట ఇంకొకరి పద్యము పెట్టిచూడుడు.

కథ చెప్పుట వేరు, కథ ఆడుట వేరు అను భేదమును ఈ సీమ నేర్చినది బుర్రకథవలన. పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజరు గజ్జె కట్టి, తంబుర భుజమున వైచి, ఒక్క అడుగు ముందునకు వేసిన పల్నాటివీరుడైన బాలచంద్రుడగును, ఒక్క అడుగు వెనుకకు వేసిన ఆతని తల్లి యగును, నిలిచిన నాజరగును. నాటకమున నటుడు పాత్రలో ప్రవేశించి తెర పడువరకు బయటికి రాడు. కథకుడు క్షణమున కొకమారు లోనికిని బయటికిని పోవుచు వచ్చుచుండును. అట్లు బయటికి వచ్చినప్పుడు ఆతనిని పట్టుకొని నిలదీయుటకు ఇరువైపుల ఇద్దరు వంతలుందురు. రాజకీయవంత కథలోని మాటను నేటి లోకముతో ముడిపెట్టును. హాస్యవంత మనకు కలిగిన సందేహమును మనకంటె ముందుగా, మనకంటె మోటుగా అడుగును. సూత్రధారుని, విదూషకుని, పారిపార్శ్వికుని పుస్తకములలో చదివి తలపట్టుకొను విద్యార్థులకు ఈ ముగ్గురిని ఒక్కమారు చూపిన చాలును. పల్నాటికథయు ప్రఖ్యాతమే, కారంపూడిలో ఏటేట వీరులకు ఉత్సవములు జరుగుచుండగా, అక్కడివారికి బాలచంద్రుని చావు వార్త కాదు. ఆ చావును గజ్జెల నడకలో మరల ఒకమారు దగ్గరకు రానిచ్చి చూచుటకే వారు కూర్చుందురు.

అట్లని ఉత్పాద్యము హీనమని నా యభిప్రాయము కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును 1892లో విజయనగరమున తొలిసారి చూచినవారికి గిరీశ మేమగునో తెలియదు. ఆ తెలియమిలోని రుచి వారికే దక్కినది. నేటివారికి గిరీశము భీమునంత ప్రఖ్యాతుడు. ఉత్పాద్యము ప్రఖ్యాతముగా మారుటకు ఒక్క శతాబ్దము చాలినది. జీవితమున జరుగు కథలుకూడ ఇట్లే. ప్రత్తిపాటికి ప్రక్కనే యున్న పెదనందిపాటి ఫిర్కాలో 1922లో పర్వతనేని వీరయ్యచౌదరి గారి నాయకత్వమున రైతులు పన్ను కట్టమని భీష్మించినప్పుడు, ప్రభుత్వము రూథర్‌ఫర్డు దొరను పంపి జప్తులు చేయించుచుండగా, శాంతిసేన యూరూర నిలిచియుండగా, ఆ కథకు ముగింపు ఎవరికిని తెలియదు. ఆరంభమును యత్నమును జరిగినవి, ప్రాప్త్యాశ యుదయించినది; ఇంతలో చౌరీచౌరా తరువాత కాంగ్రెసు ఉద్యమమును నిలిపివేయుటతో, ఫిబ్రవరిలోనే కథ నడుమ ఆగిపోయినది. విమర్శసంధిలో ఫలము కోపముచేతనో శాపముచేతనో ఆలస్యమగునని శాస్త్రము చెప్పును. అచ్చటనే తెర దించివేయుటకు మాత్రము శాస్త్రము ఒప్పదు. లోకము శాస్త్రము చదివి నడవదు. నేడు ఆ కథను చెప్పువారు పాతికయేండ్ల తరువాతి స్వాతంత్ర్యమును ఫలాగమముగా అతికించి చెప్పుదురు. తెలిసిన కథగా మారిన తరువాతనే దానికి నిర్వహణసంధి దొరికినది.

తుదకు, పందిళ్ళు వేయించు పెద్దలకు ఒక విన్నపము. ఈనాడు నవమి కార్యక్రమములలో నాటకములకు బదులు ముక్కలు వచ్చుచున్నవి. ఒక పడకసీను, ఒక కాటిసీను, నడుమ మరియొక యేకపాత్రాభినయము. ధనవ్యయము తక్కువ, ప్రేక్షకుల ఓపిక తక్కువ, నటుల సంఖ్య అంతకంటె తక్కువ. కారణములు నాకు తెలియనివి కావు. ముక్కలు ఆడుట పూర్వమును కలదు. కాని నాటి ముక్కకు ముందువెనుకల కథను పందిరిలోని ప్రతి మనిషియు తన యింటినుండి తెచ్చుకొనెడివాడు. బీజము, బిందువు ఆతని జ్ఞాపకములో నుండగా, రంగముమీద ప్రాప్త్యాశ యొక్కటి చూపిన చాలెడిది. నేటి పిల్లలలో ధర్మరాజడిగిన అయిదూళ్ళను గూర్చి విననివారు పందిరి నిండ నున్నారు. వారికి కాటిసీను ఒక్కటి చూపిన, అది ఎవరో యొకరు శవముల నడుమ పాడిన పాటగా మిగులును. లోహితాస్యుడు ఎవరో తెలియనివానికి ఆ దుఃఖము దుఃఖము కాదు. కావున మూడేండ్ల కొకమారైనను, చందా కొంచెమెక్కువ పోగుచేసి, నాందినుండి మంగళమువరకు ఒక నాటకమును పూర్తిగా ఆడింపుడు. ఆ రాత్రి పిల్లలను నిద్రపోనీయకుడు. నటులు దొరకరను మాట పూర్తిగా నిజము కాదు. తెనాలిలోను, గుంటూరులోను, ఒంగోలు వైపునను పద్యము నోటికి వచ్చినవారు ఇంకను ఉన్నారు, పిలుచువారు లేక ఇంటిలో కూర్చున్నారు.